బీదరు స్టాంపు, తలుపు దగ్గర పక్క

మొన్నామధ్య హైదరాబాదులో తపాలా స్టాంపులు పోగేసేవాళ్ళ కలయిక ఒకటుందంటే ఫోన్లోనే పేరు రాయించుకున్నాను. పేరు, ఊరు, ఏం పోగేస్తారు, శాకాహారమా మాంసాహారమా అని వరసగా అడిగి, చివర్లో ఒక ప్రశ్న వేశారు: గది ఒక్కరికా, ఇద్దరు కలిసి ఉంటారా? దాని కిందే ఇంకోటి: మీకు గురక ఉందా? మా ఆవిడ భుజం మీంచి తొంగిచూసి, "ఉందనే పెట్టండి. ఎవరో ఏమో పాపం, ముందే తెలిస్తే మంచిది కదా" అంది. ఉందనే పెట్టాను. ఇద్దరు కలిసి అని కూడా పెట్టాను.

గురక సంగతి ముందే రాసిమ్మంటారని నా చిన్నప్పుడు ఎవరైనా చెబితే పడీ పడీ నవ్వేవాళ్ళం. అప్పట్లో పడక గురించి అడిగే నాథుడే లేడు. ఎక్కడ చోటు దొరికితే అక్కడ పక్క. ఈ స్టాంపుల పిచ్చితో హైదరాబాదులో నేను ఎన్ని రకాలుగా పడుకున్నానో తలుచుకుంటే, నా ఆల్బముల్లో ఉన్న సగం స్టాంపుల కంటే ఆ పక్కలే నాకు బాగా గుర్తు.

మాది భీమవరం దగ్గర పల్లెటూరు. ఎనభైల్లో మా వైపు ఇంటికొకరు గల్ఫులో ఉండేవారు. కువైట్, మస్కట్, దుబాయి నుంచి వచ్చే ఉత్తరాల కోసం నేను ఆ ఇళ్ళ చుట్టూ తిరిగేవాణ్ణి. ఉత్తరం వాళ్ళకి, కవరు మూల నాకు. మూల కత్తిరించి తెచ్చి, పళ్ళెంలో నీళ్ళు పోసి నానబెట్టి, కాగితం ఊడాక స్టాంపును బోర్లా పేపరు మీద ఆరబెట్టేవాణ్ణి. వాన పడితే అమ్మ బట్టల కోసం పరిగెత్తేది, నేను స్టాంపుల కోసం.

నా దగ్గరున్న అసలు సొత్తు మాత్రం నిజాం స్టాంపులు. మా పెదనాన్నగారి అత్తవారిది నల్గొండ వైపు. వాళ్ళింట్లో పాత ట్రంకు పెట్టె ఖాళీ చేస్తూ ఒక కట్ట కవర్లు నా మొహాన పడేశారు. నిజాం ప్రభుత్వానికి సొంత తపాలా ఉండేది. 1869లో మొదలైన ఆ స్టాంపులు 1950 దాకా నడిచాయి. వాటి మీద ఉర్దూ, ఇంగ్లీషు, మరాఠీలతో పాటు మన తెలుగక్షరాలు కూడా కనిపించేసరికి నాకు వెర్రి ఆనందం. 1931లో వచ్చిన బొమ్మల వరస మరీ అందం: ఒక అణాకి చార్మినార్, రెండణాలకి హైకోర్టు, నాలుగణాలకి ఉస్మాన్ సాగర్, ఎనిమిదణాలకి అజంతా గుహల ద్వారం, పన్నెండణాలకి బీదరు మదరసా, రూపాయికి దౌలతాబాదు. అజంతా, దౌలతాబాదు, బీదరు అన్నీ అప్పట్లో నిజాం రాజ్యంలోవే. 1956లో రాష్ట్రాలు విడగొట్టినప్పుడు అవి అటు బొంబాయికి, ఇటు మైసూరుకి పోయాయి. నా వరసలో ఎనిమిదణాల దాకా ఉన్నాయి. బీదరు లేదు, దౌలతాబాదు లేదు. దౌలతాబాదు మీద ఎలాగూ ఆశ లేదు. బీదరు మాత్రం దొరికేటట్టే ఉండి దొరకట్లేదు.

అందుకే హైదరాబాదు నాకు మొదట గోరంత కాగితాల మీద పరిచయం. తర్వాత ఎప్పుడో అఫ్జల్‌గంజ్ నుంచి నయాపూల్ మీదుగా బస్సులో వెళుతూ మూసీ ఒడ్డున హైకోర్టు చూసి, "అరె, రెండణాలు!" అని పైకే అనేశాను. పక్కనున్నాయన చిల్లర కింద పడిందనుకుని సీటు కిందకి వంగి వెతికాడు.

మొదటిసారి అక్కడి కలయికకి వెళ్ళినప్పుడు నేను పదో తరగతి. నర్సాపూర్ ఎక్స్‌ప్రెస్‌లో భీమవరంలో నాన్న ఎక్కించారు, నాంపల్లిలో బాబాయి దింపుకున్నాడు. బస విద్యానగర్‌లో పిన్ని వాళ్ళింట్లో. రెండు గదుల పోర్షను, ఐదుగురు మనుషులు, ఆరోవాణ్ణి నేను. రాత్రి భోజనాలయ్యాక పిన్ని పక్కలు వేసే పద్ధతి చూసి తీరాలి. ముందు సామాన్లన్నీ మంచం మీదకి ఎక్కించేది, కిందంతా పక్కలు పరిచేది. బాబాయి పడుకునే వేళకి మంచం మీది సామాన్లు మళ్ళీ వంటింట్లోకి పోయేవి. నాకు కుట్టుమిషను కింద చోటొచ్చింది. తల మిషను కింద, కాళ్ళు గ్యాస్ సిలిండరు వైపు. నిద్రలో లేవబోతే మిషను తొక్కుడు పలక నుదుటికి తగిలేది.

పిన్ని షరతు ఒకటే: రాత్రి ఎనిమిదికల్లా ఇంట్లో ఉండాలి. "మీ నాన్నకి మాటిచ్చానురా" అనేది. అక్కడేమో పగలంతా అందరూ స్టాంపులు ప్రదర్శనకి పెట్టిన ఫ్రేముల ముందు చేతులు వెనక్కి కట్టుకుని నడుస్తారు, పెద్దవాళ్ళు పెద్దవాళ్ళతోనే మాట్లాడుకుంటారు. నేను ఏదైనా అడిగితే "రాత్రికి ఉంటావుగా, అప్పుడు చెబుతాలే" అనేవారు. రాత్రికి నేను కుట్టుమిషను కింద ఉండేవాణ్ణి.

ఆ ఏడాది జరిగిన గొప్ప సంఘటన ఒక్కటే. అబిడ్స్‌లో ఆదివారం పేవ్‌మెంటు మీద పాత పుస్తకాలతో పాటు ఎవరో పాత కవర్ల మూలలు కూడా గుట్టపోసి అమ్ముతుంటే, ఓ గుప్పెడు కొని పల్చటి కాగితం సంచీలో పెట్టి చొక్కా జేబులో దాచుకున్నాను. పిన్ని ఆ చొక్కా సర్ఫులో నానేసింది. సంగతి తెలిశాక ఆవిడ మొహం చూడాలి. బకెట్టులో ఒక్కొక్కటీ ఏరి, కళ్ళ నీళ్ళు పెట్టుకుని, పేపరు మీద పరిచింది. తీరా చూస్తే నేను ఇంటికెళ్ళి చేసుకోవాల్సిన పనే ఆవిడ చేసిపెట్టింది. కవరు కాగితం ఊడిపోయి, స్టాంపులు తేటగా బయటపడ్డాయి. రెండు మాత్రం రంగు దిగిపోయాయి. మిగతావన్నీ భేషుగ్గా ఉన్నాయని ఆవిడకి ఎంత చెప్పినా నమ్మలేదు. నన్ను ఓదార్చటానికి అంటున్నాననుకుంది. ఇప్పటికీ ఫోన్ చేస్తే "ఆ స్టాంపులు పాడు చేశానురా" అంటుంది. నలభై ఏళ్ళు కావస్తోంది.

ఇంటర్లోకి వచ్చాక నాన్నని ఒప్పించుకున్నాను, పిన్నికి ఇబ్బంది ఎందుకు, అందరితో పాటు హాల్లోనే పడుకుంటానని. పిన్నికి ఇబ్బంది అనేది వంక. అమ్మకి అది తెలుసు. అయినా పాత హోల్డాల్ దులిపి, అందులో దుప్పటి, తలగడ, చెంబు, జంతికల డబ్బా పెట్టి పంపింది. 1986 చివర్లో అల్లూరి సీతారామరాజు స్టాంపు వచ్చింది. దాని నాలుగు స్టాంపుల బ్లాకు పుస్తకంలో పెట్టుకుని గర్వంగా బయల్దేరింది ఆ మరుసటి డిసెంబరులో.

నాంపల్లికీ అబిడ్స్‌కీ మధ్య ఓ సందులో హాలు. గోడల వెంట, మధ్యలో రెండు వరసలు ఫ్రేములు నిలబెట్టారు. ఒక్కో ఫ్రేములో పదహారు షీట్లు, ఒక్కో షీటులో ఎవరో ఒకరి ఏళ్ళ తరబడి కష్టం. రాత్రి తాళం వేసి వెళ్ళిపోవటానికి నిర్వాహకులకి ధైర్యం చాల్లేదు, వాచ్‌మన్‌ని పెట్టటానికి డబ్బు చాల్లేదు. దాంతో ఆ రెండు సమస్యలకీ ఒకటే పరిష్కారం కనిపెట్టారు. బస లేనివాళ్ళు హాల్లోనే పడుకోవచ్చు, పైసా ఇవ్వక్కర్లేదు. పడుకున్నవాళ్ళే కాపలా. నిద్రపోతూ కాపలా ఎలాగండీ అని ఎవరో అడిగితే, "పదిహేను మంది మీద కాలు వేయకుండా దొంగ ఎలా వస్తాడండీ" అన్నాడు నిర్వాహకుడు. నిజమే మరి.

టెంట్ హౌస్ నుంచి జంపఖానాలు తెచ్చి పరిచారు. ఎన్ని పెళ్ళిళ్ళు చూశాయో, వాటిలోంచి సాంబారు వాసన పోయేది కాదు. రూల్సు మూడు. ఫ్రేముల దగ్గర నీళ్ళు పెట్టకూడదు. అంతా కాగితం కాబట్టి బీడీ, సిగరెట్టు, దోమల కాయిల్ ఏదీ వెలిగించకూడదు. పుల్లాబద్దా ఫ్రేములకి ఆనించకూడదు, కాళ్ళు అసలే ఆనించకూడదు. సిగరెట్ల వాళ్ళు మెట్ల మీదకి పోయేవారు. డిసెంబరు చలిలో ఆ మెట్ల మీదే సగం బేరాలు తెగేవి. దోమలు మాత్రం హాయిగా లోపలికొచ్చి మమ్మల్ని పట్టుకునేవి.

ఫ్రేముల మధ్య పడుకోవటం ఒక విచిత్రం. పగలు ఎవరి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డామో, ఆ విక్టోరియా రాణులూ జార్జి రాజులూ అందరూ రాత్రి మన నెత్తి మీద. వీధి దీపం వెలుగు ఫ్రేముల మీద పడి, ఆటో పోయినప్పుడల్లా హాలంతా ఒకసారి కదిలినట్టుండేది.

నేను మొదటి రాత్రి, శుక్రవారం, అందరికంటే ముందొచ్చి మూల సంపాదించాను. రెండు వైపులా గోడ. గాలి రాదు, ఎవరూ తొక్కరు. ఆల్బం సంచి తలకింద పెట్టుకున్నాను, తలగడ కాళ్ళ దగ్గర పెట్టాను. స్టాంపులున్నవాళ్ళందరి పద్ధతీ అదే. పక్కాయన నిద్రలో అటు తిరిగితే సంచి కిర్రుమనేది. "ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు" అంటారు గానీ, గట్టి అట్ట ఆల్బం తలకింద పెట్టుకుని చూస్తే నిద్ర సుఖాన్ని బాగానే ఎరుగుతుంది. అర్ధరాత్రి దాటాక గోడవార ఒక చిట్టెలుక వచ్చింది. జంతికల డబ్బా చుట్టూ ప్రదక్షిణాలు చేసి, నా కాలి మీదుగా పోయింది. నేను డబ్బాని సంచిలో పెట్టి మూతి బిగించి, మళ్ళీ పడుకున్నాను. పొద్దున ఎవరికీ చెప్పలేదు. చెబితే నవ్వుతారని.

నా పక్కన పడుకున్నాయన తపాలాశాఖలో, రైల్వే మెయిల్ సర్వీసులో, అంటే ఆర్‌ఎంఎస్‌లో, ఉత్తరాలు విడదీసే సార్టరుగా చేసి రిటైరయ్యాడు. అందరూ ఆయన్ని సార్టరుగారూ అనే పిలిచేవారు. బెజవాడ మనిషి. చలికి నేను ముడుచుకుపోతుంటే లేచి, తన సంచిలోంచి పాత పేపర్లు తీసి, "లే బాబూ, ఒకసారి లే" అన్నాడు. నా దుప్పటిని మడిచి రెండు పొరలు చేసి, మధ్యలో పేపర్లు పరిచాడు. కిందో రెండు పొరలు. "ఇప్పుడు పడుకో. కదిలితే చప్పుడవుద్ది, కదలకు." వెచ్చగా ఉండటం చూసి నాకు ఆశ్చర్యం వేసింది. కోస్తావాడికి చలి సంగతి ఏం తెలుసు? మా ఊళ్ళో చలికాలం అంటే ఫ్యాను రెండు నంబర్ల మీద పెట్టటం.

"రైల్లో నేర్చుకున్నా ఇదంతా" అన్నాడు. రాత్రి బళ్ళలో, వెళుతున్న రైల్లోనే నిలబడి ఉత్తరాలు అరల్లో వేసేవారట. పని అయ్యాక ఏ స్టేషను వచ్చేదాకానో ఒక అరగంట దొరికితే మెయిలు సంచుల మీదే ఒరిగేవారట. "ఏ సంచి మెత్తగా ఉంటుందో చెప్పు?" అన్నాడు. తెలియదన్నాను. "ఇన్‌లాండ్లూ కవర్లూ ఉన్నది మెత్తన. పార్సిళ్ళది ఒళ్ళు నొప్పులు. పెళ్ళిళ్ళ సీజన్లో శుభలేఖల సంచి ఉంటుంది చూడు, పరుపు కింద లెక్క." ఆయన చెప్పిన తర్వాతే పోస్టుమార్కుల్లో ఆర్‌ఎంఎస్ పక్కనున్న అక్షరాలకి అర్థం తెలిసింది. విజయవాడ డివిజనుది వై, హైదరాబాదుది జడ్, విశాఖపట్నానిది వి. రెండేళ్ళుగా ఆ ముద్రలు చూస్తూ, స్టాంపును పాడుచేసే మసి అనుకున్నాను నేను.

ఆ రాత్రి ఇంకో పాఠం కూడా అయింది. 1957 ఏప్రిల్లో కొత్త పైసలు వచ్చినప్పుడు భారతదేశం పటం బొమ్మతో స్టాంపులు వేశారు కదా. అవి ఎవరి దగ్గరైనా కుప్పలుగా ఉంటాయి. నావీ ఉన్నాయి, లెక్కలేనితనంగా ఒక అగ్గిపెట్టెలో వేసి. సార్టరుగారు దుప్పట్లో టార్చి వేసి, ఒక్కోటి చిమటాతో, అంటే చిన్న పట్టకారుతో, ఎత్తి వెలుతురుకి అడ్డం పెట్టాడు. కొన్నిటి లోపల నక్షత్రాలు! ఇంకొన్నిటి లోపల సింహాలు! మొదట వచ్చినవాటి కాగితంలో నక్షత్రాల నీటిగుర్తు, 1958 నుంచి వచ్చినవాటిలో అశోకస్తంభం. పైకి చూస్తే కవలలు. మేమిద్దరం పిల్లల్లా దుప్పట్లో దూరి "ఇది చుక్క, ఇది సింహం" అని విడదీస్తుంటే అవతల నుంచి ఎవరో "అయ్యా, ఆ లైటు ఆపండి, మా మీద కూడా సింహాలు పడుతున్నాయి" అని విసుక్కున్నారు.

రెండో రోజు సాయంత్రం వచ్చాడు వరంగల్ సారు. ప్రభుత్వ బడిలో టీచరు. లావాటి కళ్ళద్దాలు, చేతిలో గుడ్డసంచి. నిజాం స్టాంపుల్లో చెయ్యి తిరిగిన మనిషి. నేను నా పుస్తకం చూపిస్తే, ఖాళీగా ఉన్న పన్నెండణాల గడి మీద వేలు పెట్టి, "బీదరు లేదా?" అన్నాడు. లేదండీ అన్నాను. ఆయన తన పుస్తకం తెరిచాడు. ఒకటి కాదు, మూడు బీదర్లు. ఎంతకిస్తారని అడిగాను. చెప్పాడు. నా దగ్గరున్న డబ్బు తిరుగు టిక్కెట్టుకి సరిపడా ఉంది, అంతే. మార్పిడి చేద్దామంటే నా దగ్గరున్న ఏదీ ఆయనకి లేనిది కాదు. అల్లూరి బ్లాకు ఇస్తానన్నాను. "గవి పోస్టాఫీసులనే దొరుకుతయి కదా" అన్నాడు.

రాత్రి పక్కలు పరుచుకునే వేళ. ఆలస్యంగా వచ్చాడు కాబట్టి ఆయనకి తలుపు దగ్గర చోటు మిగిలింది. తలుపు కింద బెత్తెడు సందు. అందులోంచి చలిగాలి బుస్సుమని కొడుతోంది. పైగా బాత్రూముకి వెళ్ళేవాళ్ళందరికీ అదే దారి. ఆయన కాసేపు ఆ చోటు చూశాడు, కాసేపు నా మూల చూశాడు. తర్వాత నా దగ్గరకొచ్చి గొంతుక్కూర్చున్నాడు.

"బిడ్డా, బీదరు కావాల్నా నీకు?"

"కావాలండీ."

"అయితే నువ్వు గా తలుపు కాడ పండుకో. నేనీ మూలకు పండుకుంట. బీదరు నీది."

నాకు మొదట అర్థం కాలేదు. "పండుకోవటం ఏంటండీ?" అన్నాను. మా వైపు కాయలు పండుతాయి, మనుషులు పడుకుంటారు. ఆయన నవ్వి, "మీ దిక్కు పడుకుంటరు గద, రోజూ కింద పడుతరా ఏంది?" అన్నాడు. చుట్టుపక్కల వాళ్ళంతా ఘొల్లుమన్నారు. ఆ నవ్వుల్లోనే బేరం కుదిరిపోయింది. చిమటాతో స్టాంపు తీసి నా పుస్తకంలో, ఆ ఖాళీ గడిలోనే పెట్టాడు. నేను హోల్డాల్ చుట్టుకుని తలుపు దగ్గరికి పోయాను. సార్టరుగారు నిద్ర నటిస్తున్నాడని తర్వాత తెలిసింది.

ఎలుక సంగతి నోటిదాకా వచ్చింది. నిజం చెబుతున్నాను, వచ్చింది. చెబితే బేరం చెడుతుందని మింగేశాను.

ఆ రాత్రి నా మీదుగా ఎన్ని కాళ్ళు పోయాయో లెక్కలేదు. ఒకాయనకి చక్కెర జబ్బు, గంటకోసారి లేచేవాడు. లేచినప్పుడల్లా "సారీ బాబూ" అని మర్యాదగా లేపి మరీ చెప్పేవాడు. పేపర్ల పొర వేసుకుందామంటే, కాళ్ళు తగిలి పొరలన్నీ చెదిరిపోయాయి. అయినా నాకు ఏ బాధా తెలియలేదు. తలకింద బీదరు ఉంది.

పొద్దున్నే ఇరానీ హోటల్లో టీ తాగుతూ సార్టరుగారికి చూపించాను. టీ కప్పు దూరంగా జరిపి, స్టాంపు ఎత్తి కిటికీ వెలుతురుకి పెట్టాడు. కాసేపు ఏం మాట్లాడలేదు. "వెనకవైపు చూశావా?" అన్నాడు. చూశానన్నాను, చూడలేదు. ఒక మూల కాగితం పల్చబడిపోయి వెలుతురు దూరి వస్తోంది. ఎప్పుడో ఎవరో ఆల్బంలోంచి అంటుకాగితం పట్టి పీకినప్పుడు స్టాంపు వెనక పొర కూడా లేచి వచ్చేసింది. ముందు నుంచి చూస్తే ఏమీ తెలియదు. ధర మాత్రం సగానికి సగం పడిపోతుంది. "రాత్రి చెబుదామనుకున్నా. కానీ ఇది ఒకసారి జరిగితేనే వెనకవైపు చూడటం అలవాటవుద్ది" అన్నాడు. ఆయన మీద నాకు చాలా కోపం వచ్చింది. ఇప్పటికీ కొంచెం ఉంది. ఆ తర్వాత మాత్రం ఏ స్టాంపూ వెనక చూడకుండా కొనలేదు.

నేరుగా వరంగల్ సారు దగ్గరికి వెళ్ళాను. అప్పుడే మొహం కడుక్కుని వస్తున్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "స్టాంపు వెనక పల్చగా ఉందండీ, మీరు చెప్పలేదు" అన్నాను, గొంతు వణుకుతుంటే. ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకుని, నిదానంగా అన్నాడు: "నీ మూలల ఎలుకున్నదని నువ్వు జెప్పినవా?"

నాకు నోట మాట రాలేదు. ఆయన సంచి మూల కొరికేసిందట. స్టాంపులకేమీ కాలేదు, అటుకుల పొట్లం పోయింది. ఇద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నాం. ముందు ఆయనే నవ్వాడు. తర్వాత నన్ను తీసుకెళ్ళి ఉస్మానియా బిస్కెట్లు కొనిపెట్టాడు, టీలో ముంచి తినటం నేర్పాడు. బీదరు వాపసు తీసుకోలేదు, నేనూ ఇవ్వలేదు. ఇంటికి జ్వరంతో వచ్చాను. మూడు రోజులు మిరియాల కషాయం తాగించి, "హాల్లో బాగా పడుకున్నావా నాయనా?" అని అమ్మ రోజూ అడిగింది.

తర్వాత చాలాసార్లు వెళ్ళాను, చాలాచోట్ల పడుకున్నాను. ఒకసారి నాంపల్లి స్టేషను ఎదురుగా నిజాం కాలపు సరాయిలో. ఆ పాత కట్టడంలో పడుకుని, 1931 వరస వచ్చేనాటికే ఈ గోడలు లేచాయి కదా, ఆ స్టాంపులంటించిన ఉత్తరం చేత పట్టుకుని ఎవరో ఇక్కడే రాత్రి గడిపి ఉంటారని ఊహించుకుంటూ తెల్లవార్లూ మేలుకున్నాను. ఉద్యోగం వచ్చిన కొత్తలో డాబుకి ఒక లాడ్జి గది తీసుకున్నాను. ఏ లాడ్జో చెప్పను. పరుపు నిండా నల్లులు. రాత్రి పన్నెండింటికి డాబా ఎక్కి నీళ్ళ ట్యాంకు పక్కన పడుకున్నాను, గదికి డబ్బు కట్టి మరీ. మరోసారి స్టేషను రిటైరింగ్ రూములో. బళ్ళ వివరాలు మూడు భాషల్లో వింటూ, సగం నిద్రలో భీమవరం పేరు వినపడి ఉలిక్కిపడి లేచి, చెప్పులు కూడా వేసుకున్నాను. ఆ గదుల్లో దేంట్లోనూ ఎవరూ నాకు టార్చి వేసి ఏదీ చూపించలేదు. తలుపు గడియ పెట్టుకుంటే ఇంకెవరు చూపిస్తారు?

సార్టరుగారు పోయి చాలా ఏళ్ళయింది. వరంగల్ సారుని ఆఖరిసారి చూసినప్పుడు ఆయనకి చూపు బాగా తగ్గిపోయింది. నన్ను గొంతు పట్టి గుర్తుపట్టి, "ఎలుక పిలగాడా?" అన్నాడు.

మొన్న వెళ్ళినచోటు పెద్ద హోటలు. ఫ్రేములన్నీ కింద హాల్లో, మా గదులు నాలుగో అంతస్తులో. రాత్రి భోజనాలయ్యాక అలవాటు కొద్దీ హాలు వైపు వెళ్ళాను. తలుపుకి తాళం. బయట కుర్చీలో సెక్యూరిటీ అబ్బాయి ఫోను చూసుకుంటున్నాడు. "రాత్రి లోపల ఎవరూ పడుకోరా బాబూ?" అన్నాను. ఆ అబ్బాయి నన్ను ఎగాదిగా చూసి, "లోపట ఎవరు పండుకుంటరు సార్, కెమెరాలున్నయి కదా" అన్నాడు. పండుకుంటరు అన్న మాట వినగానే నవ్వొచ్చింది. ఎందుకు నవ్వుతున్నానో ఆ అబ్బాయికి అర్థం కాలేదు, చెప్పాలంటే నలభై ఏళ్ళు చెప్పాలి.

నా గదిలో రెండో మంచం మీది కుర్రాడికి పాతికేళ్ళు ఉంటాయేమో. కర్నూలు వైపు నుంచి వచ్చాడు, సాఫ్ట్‌వేరు ఉద్యోగం, రైల్వే బొమ్మలున్న స్టాంపులు మాత్రమే పోగేస్తాడట. నాకు గురక ఉందని ముందే చదివి వచ్చాడు. "ఏం పర్లేదు సార్" అని చెవుల్లో రెండు రబ్బరు ముక్కలు పెట్టుకుని, ఫోను ఛార్జింగుకి పెట్టి, గుడ్ నైట్ చెప్పేశాడు. తొమ్మిదిన్నర కూడా కాలేదు.

రాత్రి రెండింటికి మెలకువ వచ్చింది. ఏసీ గడ్డకట్టించేస్తోంది. రిమోటు ఎంత నొక్కినా పద్దెనిమిది దగ్గరే ఆగి ఉంది. కింద కౌంటరుకి ఫోన్ చేస్తే మోగుతోంది గానీ ఎత్తేవాళ్ళు లేరు. హోటలు వాళ్ళ దుప్పటి తెల్లగా, అందంగా, సిల్కు చీరంత పల్చగా ఉంది. లేచి, టేబుల్ మీదున్న ఆ రోజు పేపరు తీశాను. దుప్పటి రెండు మడతలు వేసి, చీకట్లో చప్పుడు కాకుండా పొరలు పరుస్తున్నాను. పేపరు కదా, చప్పుడు కాకుండా ఎలా ఉంటుంది. ఆ కుర్రాడు చెవిలో రబ్బరు ముక్క తీసి, ఫోన్లో లైటు వేసి నా వైపు పట్టాడు.

"ఏం సార్, ఏమైనా పోయిందా?"

"ఏం పోలేదయ్యా. చలి."

నేను చేసేదంతా కాసేపు చూశాడు. అతను కూడా గడ్డం దాకా దుప్పటి లాక్కుని ముడుచుకునే ఉన్నాడు.

"పని చేస్తాదా సార్ అది?"

"కదలకుండా పడుకుంటే చేస్తుంది."

లేచి కూర్చుని, చెయ్యి చాపాడు. "అయితే నాకూ రెండు షీట్లియ్యండి సార్."

మెయిన్ నేను ఉంచుకుని, జిల్లా పేజీలు అతనికిచ్చాను.